ఉల్లిపొర రంగు బ్రిక్కు

మార్చి 4, సోమవారం

గది ఖాళీ చేశాను. నా బ్రిక్స్ గది. ఇవాళ్టి నుంచి అది అత్తగారి గది.

మధ్యాహ్నం హాస్పిటల్ నుంచి తీసుకొచ్చాం. కుడి చెయ్యి పడిపోయింది. కాలు ఫరవాలేదు, కర్ర పట్టుకుని నడుస్తున్నారు. మాట మాత్రం వింతగా పోయింది. మనం చెప్పేదంతా అర్థమవుతుంది. తను చెప్పబోతే ఒకటే మాట వస్తుంది: మంగళవారం. మంచినీళ్లు కావాలన్నా మంగళవారం, ఫ్యాన్ తగ్గించమన్నా మంగళవారం. స్ట్రోక్ వచ్చినవాళ్లలో కొందరికి ఇలా ఒక్క మాటే మిగులుతుందని, మెల్లగా మిగతావీ రావచ్చని డాక్టరు చెప్పాడు. అన్ని మాటలుండగా అదే ఎందుకు మిగిలిందంటే ఆయనకీ తెలీదు.

అత్తగారు రిటైరయ్యేదాకా స్కూల్లో ఆటల టీచరు. పిల్లలు విజిల్ టీచర్ అనేవాళ్లు. ఆవిడ కేకేస్తే గోడ దూకబోయేవాడు గోడ మీదే ఆగిపోయేవాడట. ఇప్పుడు మంచం అంచున కూర్చుని, నేను తీసేసిన షెల్ఫుల గుర్తులు గోడ మీద చూస్తున్నారు.

బ్రిక్స్ అంటే మరేం కాదు, పిల్లలు ఒకదానిమీద ఒకటి నొక్కి ఇళ్లూ కార్లూ కట్టుకునే ప్లాస్టిక్‌వే. నేను కట్టను. రంగుల కోసం దాస్తాను. దుకాణంలో దొరికే రంగులు కాదు. ట్రయల్‌కని కాసిని పోసి, బాగాలేదని కంపెనీ వదిలేసినవి. మిషన్‌లో ఒక రంగు అయిపోయి ఇంకోటి మొదలయ్యేటప్పుడు రెండూ కలగలిసి పుట్టినవి. అమ్మకానికి రాకుండానే ఎలాగో ఫ్యాక్టరీ గేటు దాటి బయటపడ్డవి.

అత్తగారికి మొదటి నుంచీ ఇది మింగుడుపడదు. పెళ్లయిన కొత్తలో షెల్ఫులన్నీ ఒకసారి కలయజూసి, "అల్లుడుగారూ, ఈ ముక్కలతో ఏం కడతారు?" అనడిగారు. ఏమీ కట్టనన్నాను. "మరి?" అన్నారు. ఆ "మరి?"కి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

డబ్బాలన్నీ మంచాల కిందా, అటక మీదా, బట్టల బీరువా వెనకా సర్దాను. ఇప్పుడు ఇల్లంతా నీ గదే అయింది కదా అంది మా ఆవిడ.

మార్చి 7, గురువారం

మా ఆవిడ ఆడిటర్. వారంలో సగం ఊళ్ల మీదే. నాది లిఫ్టుల కంపెనీలో సాయంత్రం డ్యూటీ. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లు ఫోన్ చేస్తే కంగారు పడకండి, మనిషి బయల్దేరాడు అని చెప్పడం నా పని. పొద్దున్నంతా ఖాళీ. అందుకని సోమ, గురువారాలు అత్తగారిని థెరపీకి తీసుకెళ్లడం నా వాటాకొచ్చింది.

థెరపీ గది హాస్పిటల్ వరండా చివర ఉంది. గోడవారగా బల్లలు. ఒకావిడ తీగకి బట్టల క్లిప్పులు పెడుతోంది. పక్క బల్ల దగ్గర ఒక బేకరీ ఆయన, పిండి కలిపే మిషన్‌లో చెయ్యి పడిందట, గింజలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి వేస్తున్నారు. థెరపిస్టు చాలా చిన్న పిల్ల. కాంట్రాక్టు ఉద్యోగం. నవ్వుతూనే గట్టిగా పని చేయిస్తుంది.

అత్తగారి ముందు ఒక ప్లాస్టిక్ టబ్బు పెట్టింది. నిండా బ్రిక్స్. ఎవరో పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఇచ్చేసినవట.

నాకు నవ్వాగలేదు. అత్తగారు నా వైపు తిరిగి "మంగళవారం" అన్నారు. దానికి అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు.

బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బ్రిక్కు పట్టుకుని ఎత్తాలి. ఒకదాని పక్కన ఒకటి గోడలా పేర్చాలి. పెట్టిన చోట వదలాలి. పట్టుకోవడం కొంచెం ముందొస్తుంది, వేళ్లు విప్పి వదలడమే ఆలస్యం అవుతుంది అంది థెరపీ అమ్మాయి.

ఇవాళ ఆవిడ ఒక్కటి కూడా ఎత్తలేకపోయారు. నేను చూడలేదు. టబ్బులోకి చూస్తున్నాను, అలవాటు కొద్దీ. ఎరుపు, పసుపు, నీలం, తెలుపు. వాటి అడుగున ఒకటి.

గులాబీ కాదు. ఊదా కాదు. వెలుగులో ఒకలా, నీడలో ఒకలా ఉంది. కంపెనీ ఆ రంగు ఎప్పుడూ అమ్మలేదు. ఇలాంటి రంగులు పోగేసేవాళ్లకి ఆన్‌లైన్లో ఒక గ్రూపుంది, అందులో దానికో పేరు కూడా లేదు, "పేరులేనిది" అంటాం. కథలు వినడమే తప్ప చూసినవాడు లేడు. అది ఇక్కడ, ఈ టబ్బులో, ఫినాయిల్ వాసనలో.

అదే రోజు, సాయంత్రం 6

ఆఫీసు. ఇప్పటిదాకా ఇద్దరే ఇరుక్కున్నారు. నీలాంబరానికి మెసేజ్ పెట్టాను. గ్రూపులో పాత మనిషి. నీలాలు మాత్రమే పోగేసేవాడు కాబట్టి ఆ పేరు పెట్టాం. ఈమధ్య మిగతా రంగుల మీద కూడా కన్ను పడింది. నమ్మలేదు. కింది వైపు ఫొటో తీసి పంపమన్నాడు. మామూలు వాటికి అడుగున అచ్చు నంబరు ఉంటుంది, ట్రయల్ వాటికి ఉండదు.

మార్చి 11, సోమవారం

అత్తగారి చేతికి అందిస్తున్నట్టు నటిస్తూ తిరగేసి ఫొటో తీశాను. నంబరు లేదు.

నీలాంబరం వెంటనే ఫోన్ చేశాడు. అతని గొంతు అంత సన్నగా ఎప్పుడూ వినలేదు. ఎవరినీ అడక్కు, అడిగితే దాని సంగతి తెలిసిపోతుంది, నోరు మూసుకుని మార్చెయ్యి అన్నాడు. అక్కడుంటే ఎవడో నోట్లో పెట్టుకు కొరుకుతాడు, ఇది దొంగతనం కాదు, కాపాడటం అన్నాడు.

అడిగితే ఇవ్వరు. అడక్కపోతే దొంగని. రెండూ నిజమే. ఏది ఎక్కువ నిజమో తేల్చుకోలేకపోతున్నాను.

మార్చి 12, మంగళవారం

ఇవాళ అత్తగారు రోజంతా సరిగ్గా మాట్లాడారు.

మార్చి 14, గురువారం

మార్చేశాను. లేత గులాబీది మామూలుది ఒకటి టబ్బులో పడేసి, దాన్ని జేబులో వేసుకున్నాను.  

మార్చి 15, శుక్రవారం

పొద్దున్న బాల్కనీలో పెట్టి చూశాను. ఎండలోకి జరిపాను. నీడలోకి జరిపాను. మళ్లీ ఎండలోకి. టీ చల్లారిపోయింది. చిన్న గాజు పెట్టెలో పెట్టి ఫ్రిజ్ మీద ఉంచాను, ఇంట్లో ఇంకెక్కడా చోటు లేదు. కూరల సంచీ పెట్టబోయి మా ఆవిడ దాన్ని పక్కకి నెట్టింది. ఇదేంటి అని కూడా అడగలేదు.

ఇంత సంతోషం వేసి ఎన్నాళ్లయిందో. రాసుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ అదే నిజం.

మార్చి 18, సోమవారం

గొడవయింది.

అత్తగారు కూర్చుంటూనే ఎడమ చేత్తో టబ్బు కలియబెట్టారు. వెతికారు. లేత గులాబీది చేతికొచ్చింది. కళ్ల దగ్గరగా పెట్టుకు చూసి విసిరికొట్టారు. అది వెళ్లి బేకరీ ఆయన గింజల గిన్నెలో పడింది. తర్వాత టబ్బు మొత్తం బల్ల మీద బోర్లించారు. "మంగళవారం!" అని ఒక్క కేక. గదిలో అందరి చేతులూ ఆగిపోయాయి. పక్క వార్డు నుంచి నర్సు పరిగెత్తుకొచ్చింది.

థెరపీ అమ్మాయి నాకు నెమ్మదిగా చెప్పింది. పేషెంట్లందరికీ ఏదో ఒక గురి పెట్టుకోమంటుందట. బేకరీ ఆయన గురి కేకు మీద క్రీముతో పేరు రాయడం. అత్తగారు మొదటి రోజే టబ్బులోంచి ఒకటి చూపించారట. గోడంతా కట్టి, చివర్న దాన్ని పైన పెట్టాలని. ఆ కొంచెం ఊదాగా ఉండేది లేదూ, అదెటు పోయిందో మరి అంది. బల్లల కింద కూడా వంగి వెతికింది.

మూడుసార్లు ఆవిడ పక్కనే కూర్చున్నాను. నాకు తెలీదు. నేను బ్రిక్కునే చూశాను, మనిషిని చూడలేదు.

మార్చి 21, గురువారం

ఇవాళా అంతే. చెయ్యి ఒళ్లో పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చున్నారు. పేషెంటు పని చెయ్యకపోతే ఈ టైము ఇంకొకరికి ఇచ్చెయ్యాల్సి వస్తుంది, పైనుంచి అడుగుతారు అంది థెరపీ అమ్మాయి.

మా ఆవిడ ఫోన్. అమ్మకి చెయ్యి రాదనుకుంటే ఆ ఫ్లాట్ ఎందుకు, ఖాళీ చేస్తామని ఓనరుకి చెప్పేద్దాం అంది. మావగారు పోయాక అత్తగారు తనకు తానుగా వెతుక్కున్న అద్దె ఫ్లాట్ అది. బాల్కనీలోంచి స్కూలు గ్రౌండ్ కనిపిస్తుంది. నెల చివరిదాకా ఆగుదామన్నాను. ఎందుకు అంది. ఊరికే అన్నాను.

స్పీకర్ పెట్టి మాట్లాడుతున్నాను. గదిలోకి వినబడుతుందని తర్వాత తట్టింది. వెళ్లి చూస్తే అత్తగారు దుప్పటి ముఖం మీదికి లాక్కుని పడుకుని ఉన్నారు.

మార్చి 25, సోమవారం

తిరిగి పెట్టేశాను.

థెరపీ అమ్మాయి అటు తిరిగినప్పుడు టబ్బులో జారవిడిచాను. అత్తగారు ఇటే చూస్తున్నారని తల ఎత్తాక తెలిసింది.  గోడ దూకుతూ పట్టుబడ్డ కుర్రాణ్ణి చూసే చూపు అది. నా వయసులో ఆ చూపు కింద నిలబడటం చాలా కష్టం.

తర్వాత కుర్చీ ముందుకు జరుపుకుని, కుడి చెయ్యి బల్ల మీద పెట్టారు. ఒక ఎర్రది ఎత్తారు. సగంలో పడిపోయింది. మళ్లీ ఎత్తారు.

నీలాంబరానికి చెప్పాను. నీకు మతి పోయిందా అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

ఏప్రిల్ 1, సోమవారం

"కాదు" వచ్చింది. మొదట వచ్చిన కొత్త మాట అదే. ఇక దేనికైనా కాదే. నీళ్లు కావాలా అంటే కాదు, అని గ్లాసు లాక్కుంటారు. మా ఆవిడ పొంగిపోయింది. అమ్మ మళ్లీ మామూలు మనిషయిపోతోంది అంది.

గోడ రెండు వరసలైంది. ఎత్తడం వచ్చింది గానీ వదలడం రావడం లేదు. పెట్టిన చోట ఎడమ చేత్తో వేళ్లు ఒక్కొక్కటీ విప్పుకోవాలి. పట్టుకున్నది కూడా జారిపోతోంది, కాస్త దూరం జరిపితే చాలు. చెయ్యి సాచి పట్టుకునే బలం ఇంకా లేదంటుంది థెరపీ అమ్మాయి.

ఏప్రిల్ 11, గురువారం

థెరపీ అమ్మాయి ఇవాళ రంగులు చెప్పించింది. ఒక్కొక్కటీ చూపిస్తూ ఇదేం రంగు, ఇదేం రంగు అని. ఎరుపుకి "ఎర్ర" అన్నారు. పసుపుకి "మంగళ" అని నాలిక కరుచుకున్నారు. తెలుపు వచ్చింది. చివర్న దాన్ని చూపించింది.

అత్తగారు చాలాసేపు చూశారు. పెదాలు కదిలాయి, ఆగిపోయాయి. థెరపీ అమ్మాయి పింక్ అని అందించబోయింది. "కాదు" అని ఆవిడ ఆ పిల్ల నోరు మూయించారు. తర్వాత, ముక్కలు ముక్కలుగా, "ఉల్లి. పొర." అన్నారు.

నిజమే. ఉల్లిపాయ తొక్క తీశాక లోపలి పొరకుండే రంగు. ఎన్ని దేశాలవాళ్లున్నారు మా గ్రూపులో, ఒక్కడికీ తట్టలేదు.

ఇంటికొస్తూ కార్లో నేనే ఆ మాట రెండుమూడుసార్లు అనుకున్నాను.

ఏప్రిల్ 15, సోమవారం

వరండాలో నీలాంబరం. ఇస్త్రీ చొక్కా, చేతుల నిండా పెద్ద కొత్త డబ్బా, దాని మీద దాత అని తన పేరూ అడ్రసూ అంటించిన కాగితం. పేషెంట్లకి కొత్త బ్రిక్స్ విరాళం ఇవ్వడానికొచ్చాడట. మీ పాతవి అరిగిపోయాయి కదా, అవి నేను పట్టుకుపోతాను, నా దగ్గర చిన్నపిల్లలున్నారు అన్నాడు థెరపీ అమ్మాయితో. అతనికి పిల్లల్లేరు. ఆ అమ్మాయి ఎంత మురిసిపోయిందో. పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి పరిచయం చేసింది. ఆయన సరేనన్నాడు. గురువారం సాయంత్రం వచ్చి పాత టబ్బు పట్టుకెళ్తాడు.

వెళ్తూ నా దగ్గర ఆగాడు. నువ్వు వదిలేశావు, నేను పద్ధతిగా తీసుకుంటున్నాను, ఇందులో నీకు నొప్పేంటి అన్నాడు.  ఒక రకంగా అతను నాకంటే నయం, మార్చి ఇస్తున్నాడు.

"ఎవరు?" అనడిగారు అత్తగారు కార్లో. అంతా చెప్పాను. ముందు నేనే ఎత్తుకెళ్లానని కూడా. తెలుసన్నట్టు తల ఊపారు. 

ఏప్రిల్ 18, గురువారం

ఇవాళ థెరపీలో అత్తగారు ఏమీ చెయ్యలేదు. అలసటగా ఉందేమో అనుకున్నాం. టబ్బు ముందు పెట్టుకుని ఊరికే కూర్చున్నారు. థెరపీ అమ్మాయి వేరే పేషెంటు దగ్గరుంది. నేను కారు తియ్యడానికి ముందు వచ్చేశాను.

దారంతా కుడి చెయ్యి చీర కుచ్చెళ్లలో దాచుకుని కూర్చున్నారు. ఇంటికొచ్చాక చూస్తే పిడికిలి బిగుసుకుపోయి ఉంది. ఈ జబ్బులో అలా అవుతుందని, బలవంతంగా లాగకుండా గోరువెచ్చని నీళ్లలో పెట్టమని ముందే చెప్పారు. గిన్నెలో నీళ్లు తెచ్చాను. చెయ్యి వెనక్కి లాక్కున్నారు. నేను కంగారుగా నొప్పా అనడిగాను. "కాదు" అన్నారు. మూతి ఒక పక్క నుంచి నవ్వు తన్నుకొస్తోంది.

వేళ్ల సందులోంచి ఉల్లిపొర.

గది దాటి, వరండా దాటి, కారు దాకా, మెట్లెక్కి పైదాకా. ఆ చేత్తోనే. ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో ఇది. మొన్నటిదాకా బల్ల చివరికి చేరేలోపే జారిపోయిన చెయ్యి.

నాకోసం తెచ్చారనుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి కూడా. అరచెయ్యి చాపాను.

ఆవిడ నా చెయ్యి చూసి, నా ముఖం చూసి, "నాది" అన్నారు.

ఏప్రిల్ 19, శుక్రవారం

కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు. వెలుగులోకి తిప్పుతున్నారు. నీడలోకి తిప్పుతున్నారు. ఆ తిప్పడం నాకు తెలుసు. ఈ ఇంట్లో ఇంకొకరు అలా చూడటం ఇదే మొదలు.

టీ ఇచ్చి పక్కన కూర్చున్నాను. దాంతో ఏం కడతారు అని అడగాలనిపించింది. అడగలేదు. ఇద్దరం చాలాసేపు దాన్నే చూశాం.

ఏప్రిల్ 20, శనివారం

మా ఆవిడ ఊరి నుంచి వచ్చింది. దాచకుండా చెప్పాను. పెళ్లయ్యాక తను అంతగా నవ్వడం చూళ్లేదు. తర్వాత కోపం వచ్చింది. మా అమ్మ పుట్టి బుద్ధెరిగి ఎవరి గుండుసూదీ ముట్టుకోలేదు, నీ దగ్గర నెలన్నర ఉంచితే ఇలా తయారైంది అంది. మళ్లీ నవ్వింది.

ఏప్రిల్ 22, సోమవారం

థెరపీ అమ్మాయి ముఖంలో నవ్వు లేదు. కొత్త డబ్బా తెరిచి అందరికీ పంచింది, మాట లేకుండా.

బేకరీ ఆయన మెల్లగా చెప్పారు. పాత టబ్బు తీసుకెళ్లినాయన శనివారం తిరిగొచ్చి పెద్ద డాక్టరు దగ్గర కూర్చున్నాడట. సోమవారం చూసిన వస్తువు ఒకటి గురువారం లేదు, మీ స్టాఫే తీసి ఉంటారు అన్నాడట. డాక్టరు ఈ పిల్లని పిలిచి నిలదీశాడు. కాంట్రాక్టు ఈ నెలాఖరుకి అయిపోతుంది, మళ్లీ రాస్తారో లేదో అన్నారు బేకరీ ఆయన. ఒక్క ప్లాస్టిక్ ముక్క కోసమా అని తల కొట్టుకున్నారు.

అత్తగారు పక్కనే ఉన్నారు. విన్నారు. అది ఆవిడ హ్యాండ్‌బ్యాగులోనే ఉంది.

అక్కడే చెప్పెయ్యాల్సింది. టైము అయ్యాక ఆవిడని కారు దాకా నడిపించాను.

ఏప్రిల్ 23, మంగళవారం

నేను అడగలేదు. ఆవిడ ఇవ్వలేదు. మా ఆవిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి డ్యూటీకి వెళ్లిపోయింది.

ఏప్రిల్ 24, బుధవారం

పొద్దున్నే కేక వినబడింది. "అల్లుడుగారూ." స్ట్రోక్ తర్వాత ఆవిడ నన్ను పిలవడం ఇదే మొదటిసారి. పరిగెత్తాను.

బల్ల ముందు కూర్చుని ఉన్నారు. కుడి పిడికిలి బల్ల మీద. "పిల్ల" అన్నారు. కాసేపు వెతుక్కుని, "పిల్ల ఉద్యోగం" అన్నారు. అవునన్నాను.

పిడికిలి విప్పడం మొదలుపెట్టారు. సాయం చేద్దామని చెయ్యి పెట్టబోతే ఎడమ చేత్తో నా మణికట్టు మీద ఒక్కటి వేశారు. కూర్చుని చూశాను. చిటికెనవేలు కదిలింది. మళ్లీ ముడుచుకుపోయింది. నుదుటి మీద చెమట. పెదవి పంటి కింద. ఇవాళ్టిదాకా ఆ చెయ్యి విప్పమంటే విప్పుకోలేదు, ఎడమ చెయ్యో ఇంకొకరో విప్పాల్సిందే. బయట చెత్తబండి వచ్చి వెళ్లింది. పై అంతస్తులో ఎవరో కుర్చీ లాగారు. ఉంగరపు వేలు. మధ్యవేలు. చూపుడువేలు. బొటనవేలు అన్నిటికంటే మొండికేసింది. అది కూడా వచ్చాక, అరచేతిలోంచి బ్రిక్కు బల్ల మీదికి జారి చిన్న చప్పుడు చేసింది.

ఖాళీ అరచేతిని చూసుకున్నారు. బొడిపెల గుర్తులు పడి ఉన్నాయి.

"మీరే ఇవ్వండి. నేను చూడను" అన్నారు. పూర్తి వాక్యాలు. రెండు. నేను పొగడలేదు, ఆవిడ అందుకోసం అనలేదు.

ఏప్రిల్ 25, గురువారం

ఒక్కణ్ణే ముందు లోపలికెళ్లి థెరపీ అమ్మాయికి ఇచ్చాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. మొదట నేను, తర్వాత అత్తగారు. ఆ పిల్ల కుర్చీలో కూలబడింది. తిడుతుందనుకున్నాను.

ఏ చేత్తో తీశారు అనడిగింది.

కుడి చేత్తో అన్నాను.

ఇంటిదాకానా అంది. ఇంటిదాకా అన్నాను. వదిలింది కూడా కుడి చేత్తోనేనా, ఎవరూ పట్టుకోకుండానా అంది. ఎవరూ పట్టుకోకుండానే అన్నాను. ముందు ఫైలు తీసి అది రాసుకుంది. ఆ తర్వాతే పెద్ద డాక్టరు గదిలోకి వెళ్లింది.

ఆయన నన్ను పిలిచి చివాట్లు పెట్టాడు. పెద్దవాళ్లు, మీకిది తగునా అన్నాడు. తల దించుకున్నాను. బ్రిక్కు నీలాంబరానికి పంపించేశారు. అతనికి ఇస్తామన్న టబ్బులోది కాబట్టి అతనిదే. ఆ పిల్ల కాంట్రాక్టు మళ్లీ రాశారు.

అత్తగారు కార్లోనే కూర్చున్నారు. చూడనన్నారు, చూళ్లేదు.

మే 5, ఆదివారం

అత్తగారు తన ఫ్లాట్‌కి వెళ్లిపోయారు. ఒక్కరే ఉండొచ్చని థెరపీ వాళ్లు రాసిచ్చారు. పొద్దున ఒక పనిమనిషి వస్తుంది, సాయంత్రం మేం ఫోన్ చేస్తాం. తాళం తనే తీశారు, కుడి చేత్తో. మూడోసారికి తిరిగింది. మా ఆవిడ అటు తిరిగి కళ్లు తుడుచుకుంది. బాల్కనీలోకెళ్లి గ్రౌండ్ వైపు చూస్తూ అత్తగారు అన్న మొదటి మాట, "ఆ వికెట్లు వంకరగా పాతారు."

నా గది నాకొచ్చింది. డబ్బాలు ఇంకా దించలేదు.

మే 9, గురువారం

నీలాంబరం గ్రూపులో ఫొటో పెట్టాడు. అద్దాల బీరువా, లోపల చిన్న లైటు, దాని కింద అది. ఎన్నేళ్లు వెతికాడో, ఎలా పట్టుకున్నాడో పెద్ద కథ రాశాడు. హాస్పిటల్ లేదు, మేం లేము. పేరులేనిది చివరికి దొరికింది అన్నాడు. దాని పేరు ఉల్లిపొర అని కింద రాశాను. ఒకాయన బాగుందన్నట్టు బొటనవేలి బొమ్మ పెట్టాడు.

ఫోన్ చేసి మార్పిడికి ఇమ్మన్నాను. నా దగ్గరున్న వాటిలో నచ్చినవి మూడు తీసుకోమన్నాను. నీ దగ్గర దీనికి తూగేది ఏదీ లేదు అన్నాడు. కావాలంటే వచ్చి చూసి వెళ్లు, కాదనను అన్నాడు.

మే 12, ఆదివారం

అత్తగారింటికి వెళ్లాం. ఫొటో చూపించాను. చూపించకుండా ఉండాల్సిందేమో. ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూశారు. మార్పిడి సంగతీ చెప్పాను. అంతా విన్నారు. మా ఆవిడ వంటింట్లో ఉంది.

"అల్లుడుగారూ, మీకు అడగడం రాదండీ" అన్నారు. ఒక్క మాట తడబడలేదు.

మే 19, ఆదివారం, పగలు 11

నీలాంబరం ఫోన్. మా అత్తగారు వాళ్లింట్లో ఉన్నారట. పొద్దున్నే వచ్చారట, ఒక్కరే, బస్సెక్కి. విరాళం డబ్బా మీద దాత అని తన పేరూ అడ్రసూ అంటించుకున్నాడు కదా, అది చూసుకుని వెళ్లినట్టున్నారు. అద్దాల బీరువాకి ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. టీ ఇస్తే తాగారు. రెండో కప్పు అడిగి తాగారు. వాళ్లావిడ భోజనానికి ఉండమంటే ఉంటానన్నారు. ఎప్పుడు బయల్దేరతారని ఎలా అడిగినా ఉల్లిపొర అంటున్నారు, ఇంకో మాట లేదు.

వెంటనే వచ్చి తీసుకెళ్లమన్నాడు. వాళ్లావిడ వెనకనుంచి, ఇచ్చెయ్యండీ ఆవిడకి అంటోంది.

నాకివాళ అస్సలు తీరదని చెప్పాను. పెట్టేసి కాళ్లు చాపుకుని కూర్చున్నాను.